ముప్పై రెండు వెల్డింగు చుక్కలు

కమలాపురంలో స్టేషనుకు పోయే దోవలో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద ‘మెట్టరైతు యంత్రాల సంస్థ’ అని రాసి ఉంటుంది. ఆ పేరు చెప్పి దోవ అడిగితే ఎవరికీ తెలియదు. లాభం లేని షాపు యాడ అని అడిగితే ఆటోవాళ్లు నేరుగా గేటు ముందర దింపుతారు.

ఆ షాపు పెట్టింది నాగశ్రీ. కడపలో ఇనుప సామాన్ల అంగడివాళ్ల పిల్ల. ఇంజనీరింగు చదివి, పెద్ద కంపెనీలో ఎనిమిదేండ్లు యంత్రాల బొమ్మలు గీసింది. గీసినవన్నీ వంద ఎకరాలవాళ్లకే పనికొస్తున్నాయి, మూడెకరాల మెట్టచేను వాళ్లకు ఒక్కటీ లేదని ఆ పని వదిలి వచ్చింది. సంఘం కింద రిజిస్టరు చేయించింది. ఇనుముకు అయ్యేది, పనివాళ్ల కూలి, అదే మిషన్ ధర. ఏమన్నా మిగిలితే కొత్త యంత్రం గీసి చూసేదానికి పోవాల్సిందే గానీ ఎవరి జేబులోకీ పోదు. గీసిన బొమ్మలు గోడకు తగిలించి ఉంటాయి. ఎవరొచ్చి ఫోన్లో ఫోటో తీసుకున్నా కాదనరు.

ఆమె అన్న శివప్రసాద్ షాపుకు ఇనుము తోలుతాడు. వచ్చినప్పుడల్లా ఒక మాట అని పోతాడు. “మా ఇంట్లో ఏడు తరాల నుంచి యాపారం. లాభం వద్దనే మనిషి ఇప్పుడు పుట్టింది. జాతకంలో రాసే ఉంటారు, మేమే సరిగా చూసుకోల్యా.”

ఆ షాపులో ఇంకొక వింత ఉంది. గేటు పక్కన గోడకు ఒక నల్లపలక, బడిలో ఉండేంత పెద్దది. షాపులో ఎవరు తప్పు చేసినా అది బయటపడిన దినమే, చేసిన మనిషే, తన చేత్తో దాని మీద రాయాలి. కింద పేరు పెట్టాలి. ఆ తప్పు దిద్దేదాకా చెరపకూడదు. కంపెనీవాళ్లు తప్పు దాస్తారు, దాస్తే వాళ్లకు లాభం, మనకు లాభమే లేనప్పుడు దాచి ఏం చేసుకుంటాం అని నాగశ్రీ వాదం. మొదటి పేరు ఆమెదే ఎక్కింది. ‘పిడి ఎత్తు మగవాళ్లకు గీసినాను. ఆడించేది ఆడవాళ్లు. నాగశ్రీ.’ ఆ రాత పదిహేను దినాలు ఉండింది. ఊరంతా చదివింది. వెల్డరు చంద్ర పేరయితే ఏటికి మూడుసార్లన్నా ఎక్కుతుంది. “నాకు ఆధార్ కార్డు ఎందుకప్పా, గేటు కాడ చూసుకోపోండి” అంటాడు వాడు.

ఏడేండ్లలో ఒక్కసారి కూడా ఎక్కని పేరు ప్రేమయ్యది.

ప్రేమయ్య ఆ షాపుకు పెద్ద మేస్త్రీ. అరవై ఆరేండ్లు. మూడో తరగతితో బడి మానేసి, ఇనుము పట్టుకున్నాడు. మంగంపేట పక్క ఒక లేతు అంగడిలో ఇరవై ఏండ్లు చేసి, అక్కడి తెల్లరాయి గనుల దుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఈడికి వచ్చినాడు. చేతి పని బంగారం. మాట మాత్రం కరువు. అడిగితే ఊఁ అంటాడు, అడక్కపోతే అదీ లేదు. “నలభై ఏండ్ల కాపురంలో ఈయప్ప నాతో మాట్లాడిన మాటలన్నీ ఏరితే ఒక చేటెడు కావు” అంటుంది పెండ్లాము జ్ఞానమణి.

ఆయన మాట్లాడంది కూడా ఆమే మాట్లాడుతుంది. చర్చి షాపు దాటినాక ఉంది. ఆదివారం పొద్దున పేటలో జనమంతా ఆ గేటు ముందర నుంచే పోవాలి. జ్ఞానమణి పలక కాడ నిలబడి చంద్ర తప్పులు చదివిస్తుంది, చదివించి, “మా ఇంటాయన పేరు ఒక్కనాడన్నా చూసినారా” అంటుంది. ప్రేమయ్య నాలుగడుగులు ముందు నడుస్తూ ఉంటాడు. వద్దు అనడు. వినపడుతూనే ఉంటుంది.

రోహిణికార్తె చివర్లో, ఒక శనివారం మధ్యాహ్నం, ఎర్రవంకపల్లె నుంచి గంగక్క ఆటోలో మిషన్ వేసుకొని దిగింది.

అది శెనక్కాయలు ఒలిచే మిషన్. పెద్ద పనిముట్టేం కాదు. ఒక ఇనుప తొట్టి, అడుగున ఒంచిన జల్లెడ, పైన ముందుకూ వెనక్కూ ఊపే పిడి. పిడి కింద పాత టైరు ముక్కలు రెండు, ఒకే బోల్టుతో బిగించి ఉంటాయి. పిడి ఊపితే టైరు ముక్కలు కాయలను జల్లెడకేసి రాస్తాయి, తొక్క పగులుతుంది, గింజ కిందికి రాలుతుంది. ఒక ఏడు ఆడినాక టైరు ముక్క అరుగుతుంది. అరిగితే బోల్టు తల గింజకు తగిలి బద్ద చేస్తుంది. బద్దయిన గింజ మొలవదు. అందుకని ఏటేటా విత్తనాలు ఒలిచే ముందు టైరు ముక్క మార్చుకోవాలి. ఏ ఊర్లో లేదు పాత టైరు? మిషన్‌లో బోల్టులన్నీ ఒకే కొలత. మిషన్‌తో పాటు పదమూడో నంబరు పానా ఒకటి ఇస్తారు. ఆ ఒక్క పానాతో ఏ ఆడమనిషైనా మిషన్ మొత్తం ఇప్పి మళ్లీ బిగించుకోవచ్చు. మళ్లీ షాపు గడప తొక్కే పని రాకూడదు. నాగశ్రీ గీసే ప్రతి బొమ్మకూ అదే మూలం.

“ప్రేమన్నా, నట్టు కదలడంల్యా” అనింది గంగక్క, మిషన్‌ను ఒక చెయ్యి పట్టించి. “పానా పెట్టి, పానా మీద నేనే ఎక్కి నిలబడినా. నా బరువు నీకు తెలిసిందే గదా. పానా వంగింది గానీ నట్టు వంగల్యా.”

ప్రేమయ్య మిషన్‌ను తిరగేసినాడు. నట్టు కాడ రంగు మీద గోరుతో గీకినాడు. రంగు కింద గోధుమగింజంత వెల్డింగు చుక్క కనపడింది. అది తను పెట్టిన చుక్కే. ఎవరి చుక్క ఎవరిదో మేస్త్రీకి చేతిరాత మాదిరి తెలుస్తుంది.

పోయినేడు జరిగిందది. ఒక ఊర్లో ఊపులకు నట్టు వదులై, కాయల్లో పడి, జల్లెడ చిరిగింది. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రేమయ్యకు మనసున పట్టలేదు. తను చేసిన మిషన్ నుంచి నట్టు రాలడమా అనుకున్నాడు. ఆ ఏడు చేసిన ముప్పై రెండు మిషన్లకూ, బిగించినాక, నట్టు మీద ఒక చుక్క పెట్టినాడు. ఇంక ఊడే ప్రసక్తి లేదు. మంగంపేట కాడ పాత యజమాని ప్రతి మోటారుకూ అట్లాంటి చుక్కే పెట్టించేవాడు. గిరాకీ మళ్లీ మన గడపకే రావాల్రా అనేవాడు. ప్రేమయ్య ఆ ఉద్దేశంతో పెట్టలేదు. ఆడవాళ్ల కాయల్లో నట్టు పడకూడదని పెట్టినాడు. గోడ మీది బొమ్మలో లేనిది ఏదన్నా చేస్తే నాగశ్రీకి చెప్పి, బొమ్మ మీద గుర్తు పెట్టాలని షాపులో కట్టడి. ఒక చుక్కకు చెప్పేదేముందిలే అనుకున్నాడు. పైన రంగు పడింది. మరిచిపోయినాడు.

వేరే ఏ కంపెనీలో అయినా అది గట్టి పని. ఈ షాపులో అది తప్పు. టైరు ముక్క మార్చుకోలేని మిషన్‌ను ముప్పై రెండు ఇండ్లకు పంపినాడు. విత్తనాలు ఒలిచే వారంలో.

“తుప్పు పట్టిందా అన్నా?” అనింది గంగక్క.

ప్రేమయ్య నట్టునే చూస్తున్నాడు.

“తుప్పే గదా?”

“ఊఁ” అన్నాడు.

జీవితంలో ఆయన ఆడిన అబద్ధాలు వెదికితే అదొక్కటే దొరుకుతుందేమో. అదీ ఒక్క అక్షరం. చంద్ర అన్నానికి పోయినాడు. నాగశ్రీ తల్లిని చూసేదానికి కడపకు పోయింది, సోమవారం గానీ రాదు. గంగక్క మట్టికుండ కాడ నీళ్లు తాగి, రేకుల నీడన కొంగుతో విసురుకుంటా ఉంది. ప్రేమయ్య గ్రైండరు ఆన్ చేసి చుక్క కోసినాడు, కొత్త బోల్టు ఎక్కించినాడు, కొత్త టైరు ముక్క బిగించినాడు. పావుగంట పట్టింది.

“మా ఊర్లో ఇంకా పది ఉండాయి” అనింది గంగక్క ఆటో ఎక్కుతూ. “అందరివీ ఇదే కథ. తుప్పంటే సులువే గదా, డీజిలు పోసి నానబెట్టమంటా. మా ట్రాక్టరు పిల్లోడు అట్లనే ఇప్పుతాడు.”

ప్రేమయ్య నోరు తెరిచినాడు. ఆటో కదిలిపోయింది.

ఆ సాయంత్రం షెడ్డు తాళం వేసి, పలక ముందర నిలబడినాడు. పలక ఖాళీగా ఉంది. సుద్దముక్క గూట్లో ఉంది. ఇంటికి పోయినాడు.

డీజిలు సంగతి దోవ పొడుగునా గుర్తుకొస్తూనే ఉంది. గంగక్క నంబరు నాగశ్రీ ఫోన్లో ఉంది. అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ముప్పై ఒక్కటీ ఒక్కొక్కటే, సర్వీసుకని పిలిపించి, ఎవరికీ తెలియకుండా కోసి పంపిస్తే ఎట్లుంటుంది అని ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. ఎవరికీ నష్టం లేదు. జొన్నసంగటి ముద్ద చేతిలో పట్టుకొని ఆ ఆలోచనతోనే కూర్చున్నాడు.

“ముద్ద ఆరిపోతాంది” అనింది జ్ఞానమణి. “ఏమయింది?”

“ఏంల్యా.”

అది రెండో అబద్ధం. అలవాటయ్యేట్టుంది అనుకున్నాడు.

ఆదివారం పొద్దున తెల్లచొక్కా వేసుకొని, జ్ఞానమణి వెనకాల వస్తుంటే, చర్చికి బయలుదేరినాడు. గేటు కాడికి వచ్చేసరికి ముందు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు అలవాటు కొద్దీ పలక కేసి చూసినారు. “ఈ వారం ఎవరిదీ ల్యాదే” అనుకుంటా పోయినారు. ప్రేమయ్య ఆగిపోయినాడు. ఎర్రవంకపల్లెలో పది మిషన్లలో కాయలు పోసుకొని, పైన నట్టుకు డీజిలు పోస్తున్న ఆడవాళ్లు కళ్ల ముందర నిలబడినారు. డీజిలు తగిలిన విత్తనం భూమిలోకి పోయినాక లేచేది లేదు. చెప్పినోడెవడంటే, తనే. ఊఁ అని చెప్పినాడు.

గూట్లోంచి సుద్దముక్క తీసినాడు.

“ఏం చేస్తాండావయ్యా?” అనింది జ్ఞానమణి.

ఆయన రాయడం మొదలుపెట్టినాడు. రాత అలవాటు లేని చెయ్యి. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత. జనం చర్చికి పోతూ పోతూ వెనక నిలబడి, అక్షరం పడేకొద్దీ చదువుతున్నారు. ‘ముప్పై రెండు మిషన్ల నట్టుకు వెల్డింగు పెట్టినాను. ఎవరికీ చెప్పలేదు. నట్టు రాదు. తుప్పు కాదు. డీజిలు పోయొద్దు. ప్రేమయ్య.’

పేరు రాసేటప్పుడు సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో ముగించినాడు.

వెనక ఎవరో చిన్నగా “ప్రేమయ్యదా” అన్నారు. జ్ఞానమణి పలక చూడలేదు. ఆయన మొహం చూసింది. కొంగు సర్దుకొని, బైబిలు చంకన పెట్టుకొని, ఒక్క మాట లేకుండా చర్చి దిక్కు నడిచిపోయింది. ఆమె మాట్లాడకుండా పోవడం ఆ వీధి చూడడం అదే మొదలు.

ఆయన నాగశ్రీకి ఫోన్ చేసినాడు. తను చేస్తే ఆమెకు భయం, ఎవరికన్నా దెబ్బ తగిలితే గానీ చేయడు.

“ఏమైంది మేస్త్రీ, ఎవరికన్నా ఏమన్నా...”

“గంగక్క నంబరు కావాలమ్మా.”

“ఇస్తా. ఎందుకు?”

ప్రేమయ్య చెప్పినాడు. చుక్క పెట్టింది చెప్పినాడు, చెప్పకుండా ఉండింది చెప్పినాడు, ఊఁ అన్నది కూడా చెప్పినాడు. అది చెప్పేదానికే ఎక్కువ సేపు పట్టింది.

“పలక మీద రాసినావా?”

“రాసినా.”

“అయితే గ్రైండరు తీసుకొని నువ్వు ఎర్రవంకపల్లెకు పో. తక్కిన ఊర్లకు చంద్రను తోలి నేను ఫోన్లు చేస్తా. మేస్త్రీ, ఇంత సేపు మాట్లాడినావు, గొంతు నొప్పి పుట్టల్యా?”

“పుట్టింది” అన్నాడు.

గంగక్కకు ఫోన్ చేసి డీజిలు పోయొద్దని చెప్పేసరికి, రెండిండ్లలో అప్పటికే పోసినారు. తెల్లచొక్కాతోనే సంచిలో గ్రైండరు, ఉలి, సుత్తి, డబ్బా నిండా బోల్టులు వేసుకొని ఆటో ఎక్కినాడు.

ఎర్రవంకపల్లెలో గంగక్క అరుగు మీద పది మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లంతా చుట్టూ చేరినారు. ప్రేమయ్య చెప్పులు వదిలి, కూర్చోకముందే అన్నాడు. “తుప్పు కాదక్కా. నేను పెట్టిన వెల్డింగు. నిన్న నీకు అబద్ధం చెప్పినా.”

గంగక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “అబద్ధం యాడ చెప్పినావు నువ్వు? ఊఁ అంటివి, అంతేగా?”

“అదే.”

“ఇంతోటి దానికి ఆదివారం చర్చి ఎగ్గొట్టి వచ్చినావా?”

“డీజిలు...” అన్నాడు.

ఆ మాటకు ఒకామె మా తొట్టి ఖాళీగా ఉండె, ఏం కాల్యా అనింది. శివకుమారి అనే ఆమె లోపలికి పోయి ఒక గంప తెచ్చి ముందర పెట్టింది. ఒలిచిన గింజలు, గంపెడు. మూత తీయకముందే వాసన కొట్టింది. “నట్టుకు పోస్తే జల్లెడలోకి కారింది. కారేదాకా నేనూ చూసుకోల్యా. కడిగితే పోదా అన్నా?”

ప్రేమయ్య నాలుగు గింజలు నలిపి వాసన చూసినాడు. “పోదమ్మా. విత్తనానికి పనికిరావు.”

ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే ప్రేమయ్యకు తగిలింది. అనకుండా ఉండడమెట్లో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

“రేపు తెచ్చిస్తా” అన్నాడు. “మా ఇంట్లో విత్తనానికి పెట్టినేవి ఉండాయి. గంపకు గంప.”

“మీ చేనుకో?”

“గట్టు పక్క కంది ఏసుకుంటా.”

గ్రైండరు మొదలైంది. చుక్క కోయడం, బోల్టు కొట్టడం, కొత్తది ఎక్కించడం. నిప్పురవ్వలు తెల్లచొక్కా మీద పడి నాలుగు చోట్ల కాలింది. అయిదో మిషన్ కాడికి వచ్చేసరికి కరెంటు పోయింది. అక్కడ నుంచి ఉలి, సుత్తి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. గంగక్క పక్కన కూర్చొని ఒక్కో నట్టు ఏరి డబ్బాలో వేస్తూ ఉంది.

“అన్నా, నట్టు ఊడి కాయల్లో పడతాదనే గదా నువ్వు అతికిచ్చింది?”

“ఊఁ.” అని, మళ్లీ, “అవునక్కా, అందుకే” అన్నాడు. ఊఁ మీద ఆయనకు నమ్మకం పోయింది.

“ఎద్దులబండికి చక్రం జారిపోకుండా ఇరుసు కొనకు కడశీల కొడతాం గదా. చక్రాన్ని ఇరుసుకు ఎవడన్నా అతికిచ్చుకుంటాడా? దీనికీ అట్లాంటి శీల ఒకటి సన్నది పెట్టగూడదా? కావాల్సినప్పుడు పీకేస్తాం.”

సుత్తి ఆగింది. బోల్టు కొనకు బెజ్జం కొట్టి పిన్ను దూర్చే సంగతి ప్రేమయ్యకు తెలియంది కాదు. మంగంపేటలో అట్లాంటివి వేలకొద్దీ పెట్టినాడు. చుక్క పెట్టిన దినం అది తట్టలేదు. ఎవరితోనన్నా ఒక మాట అనుంటే, వాళ్లెవరన్నా అనుండేవాళ్లు. ఒక్కడే అనుకొని ఒక్కడే చేసిన పనికి ఒక్క బుర్రే పని చేస్తుంది.

“పిన్ను కొనాలంటే మాకు యాడ దొరుకుతుంది” అనింది శివకుమారి.

“పాత సైకిలు పుల్ల వంచి దూర్చు” అనింది గంగక్క. “మా ఇంట్లో ఒక సైకిలు అట్లనే చచ్చి పడుండాది.”

ప్రేమయ్య ఆ సైకిలు తెప్పించినాడు. పుల్ల ఒకటి కత్తిరించి, వంచి, చూసినాడు. సంచిలో చేతి డ్రిల్లు లేదు గనక బెజ్జాలు సోమవారానికి పెట్టుకొని, నట్టు మీద ఇంకో నట్టు బిగించి అప్పటికి కానిచ్చినాడు. పది మిషన్లు అయ్యేసరికి పొద్దు వాలింది. ప్రతి మిషన్‌నూ ఇంటామె చేత్తోనే ఒకసారి ఇప్పించి, బిగింపించినాడు. గంగక్క రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. “నిదానంగా తిను, పరుగెత్తేట్టు ఉండావు” అనింది.

సోమవారం పొద్దున ఆయన ఇంట్లో మూలనున్న మూటలోంచి గంప నిండా గింజలు కొలిచి సంచిలో పోసుకున్నాడు. జ్ఞానమణి పొయ్యి కాడ నుంచి చూసింది. ఒక్క మాట అనలేదు. ఆదివారం నుంచీ అంతే. అన్నం పెడుతుంది, చెంబుతో నీళ్లు పెడుతుంది, పోతుంది. ప్రేమయ్యకు ఇంట్లో ఏదో కొలిమి ఆరిపోయినట్టు ఉంది. మాట్లాడని మనిషితో కాపురం ఎంత కష్టమో నలభై ఏండ్లకు తెలిసింది.

షాపులో నాగశ్రీ గోడ మీది బొమ్మ దించి బల్ల మీద పరిచింది. ప్రేమయ్య సైకిలు పుల్ల జేబులోంచి తీసి పెట్టినాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బోల్టు కొనన బెజ్జం గీసి, పక్కన రాసింది. ‘శీల. గంగక్క, ఎర్రవంకపల్లె చెప్పినది.’

“తిట్టవా అమ్మా?” అన్నాడు.

“పలక తిట్టింది గదా. రెండుసార్లు ఎందుకు?” అనింది. “ఒకటి మాత్రం చెప్తా మేస్త్రీ. నువ్వు చుక్క పెట్టింది మంచికే. నాకు చెప్పుంటే ఆ దినమే ఈ శీల పడుండేది. దినానికి పది మాటలు మాట్లాడాలని నీకొక కట్టడి పెట్టమంటావా?”

“అయిదు” అన్నాడు ప్రేమయ్య.

చంద్ర పడీపడీ నవ్వినాడు. “రెండు ఇప్పుడే అయిపోయినాయి మేడం. తిట్టవా అమ్మా అనిందొకటి, అయిదు అనిందొకటి.”

బుధవారం శివప్రసాద్ ఇనుము తోలుకొని వచ్చినాడు. లారీ దిగి, నేరుగా పలక కాడికి పోయి, చదివి, తల పట్టుకొని లోపలికి వచ్చినాడు.

“ఏం మేస్త్రీ, నన్ను ముంచితివి గదప్పా.”

సంగతేమంటే, ఆయనా ఆ మిషన్ చేయించి కడపలో తన అంగట్లో అమ్ముతున్నాడు. బొమ్మ అందరిదీ గనక తప్పేం లేదు. అయితే ఆయన బొమ్మను చూసి చేయించలేదు. బొమ్మ చదివే ఓపిక లేక, ప్రేమయ్య చేసిన మిషన్ ఒకటి కొనిపోయి దాన్ని చూసి చేయించినాడు. చుక్కతో సహా. నలభై దాకా అమ్మినాడు.

“ఆ చుక్క చూసి మురిసిపోతి నేను. ప్రేమయ్య మేస్త్రీకి కూడా యాపారం తెలిసొచ్చింది, టైరు మార్చాలంటే మళ్లీ అంగడికే రావాల అని. నిన్నటి నుంచి జనం మీ పలక ఫోటో ఫోన్లో పెట్టుకొని వస్తాండారు. మా మిషన్లో కూడా ఇదే చుక్క ఉండాది, కోసియ్యి అంటాండారు. ఊరకనే కోసియ్యాలంట.”

“కోసియ్యన్నా” అనింది నాగశ్రీ.

“నేను లాభానికి నడిపేవాడిని తల్లీ.”

“అయితే కోయద్దులే. వచ్చే ఏడు వాళ్లు మా కాడికే వస్తారు. మాకూ పని కావాల గదా.”

శివప్రసాద్ చెల్లెలి దిక్కు కాసేపు చూసినాడు. “ఈ మాట అనేటప్పుడు మాత్రం మా వంశమే” అన్నాడు. ప్రేమయ్య దిక్కు తిరిగి, “చంద్రను రెండు దినాలు తోలు మేస్త్రీ, గ్రైండరుతో. కూలి నేనిస్తా. లాభం లేని పని నాతో గూడా చేయిస్తాండారు మీరు” అన్నాడు.

“నేనొస్తా” అన్నాడు ప్రేమయ్య. “చుక్క నాది.”

శుక్రవారానికి ముప్పై రెండిటికీ చుక్క కోసి శీల పెట్టడం అయిపోయింది, శివకుమారి గంపా నిండింది. కడపలో నలభైలో ముప్పై దాకా అయినాయి. శనివారం సాయంత్రం ఎర్రవంకపల్లె నుంచి గంగక్క ఫోన్ చేసి, ఊర్లో విత్తనాలు ఒలవడం అయిపోయింది, గింజ బద్ద పోవడంల్యా, ఆకాశం మబ్బు పట్టింది అని చెప్పింది. ఇంక పలక చెరపొచ్చు. కడపవి మిగిలినాయి గదా అని ప్రేమయ్య చెరపలేదు. ఆయనవి కాని మిషన్లయినా చుక్క ఆయనదే. రాత అట్లనే ఉంది, గుమ్మడికాయంత అక్షరాలతో.

ఆదివారం మళ్లీ చర్చి. ప్రేమయ్య నాలుగడుగులు ముందు నడిచినాడు. పలక కాడ జ్ఞానమణి ఆగలేదు, తల వంచుకొని దాటింది. ఆరాధన అయినాక ఆడవాళ్లు ఒక దిక్కున నిలబడి మాట్లాడుకుంటుంటే, ప్రేమయ్య ఆమె కోసం చూడకుండా ఇంటికి వచ్చి, చొక్కా విప్పి, దండెం మీద వేసి కూర్చున్నాడు. కాలిన చొక్కానే. ఆ నాలుగు చోట్లా ఆమె ఎప్పుడు కుట్టిందో, సన్నగా కుట్టు పడి ఉంది.

జ్ఞానమణి ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విసురుగా విడిచింది. బైబిలు గూట్లో పెట్టింది. ఆయన ముందరికొచ్చి నిలబడింది.

“చర్చి కాడ నిస్సీ వాళ్లమ్మ ఏమనిందో తెలుసునా నీకు?”

ఆయన తల ఎత్తినాడు. వారం తర్వాత మొదటి మాట.

“అందరి ముందర అడిగింది. ‘మీ ఆయప్ప ఆడ మేస్త్రీనా జ్ఞానమణీ, మేము ఇన్నాళ్లూ వాచ్‌మన్ అనుకుంటిమే’ అనింది. నాకు గుండె ఆగినంత పనయింది. ఎందుకట్ల అనుకుంటిరి అంటే, ‘ఏడేండ్లుగా ఆ పలక మీద అందరి పేర్లూ పడతాండాయి, మీ ఆయప్పది ఒక్కనాడూ పడల్యా. పని చేసే మనిషికి తప్పు రాకుండా ఉంటాదా, ఈయప్ప గేటు కాడ కూర్చుంటాడేమో అనుకుంటిమి’ అంటుంది. అందరూ తలకాయ ఊపుతాండారు. అంటే నేను ఏడేండ్లు ఆ పలక కాడ నిలబడి, మా ఇంటాయన పేరు ల్యా, పేరు ల్యా అని చెప్పుకుంటా ఉంటే, వాళ్లు విన్నది అదన్నమాట.”

ప్రేమయ్యకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసినాడు, దగ్గు వచ్చింది. జ్ఞానమణి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, పక్కన కూర్చునింది.

“చర్చి అయ్యగారు కూడా అడిగినాడు. ముప్పై రెండు మిషన్లు మీ ఆయప్ప చేత్తోనే చేసినాడా అని. అవునయ్యా, ఇంకా శానా చేసినాడు, అవి బాగుండాయి గాబట్టి రాయల్యా అని చెప్పినా.”

“మంచి మాట చెప్పినావు.”

“గట్టు పక్క కంది అంటివంట ఎర్రవంకపల్లెలో. కంది విత్తనం ఎవరిస్తారు నీకు? మా అన్నను అడిగినా. రెండు సేర్లు ఇస్తానన్నాడు.” ఆమె లేచి పొయ్యి కాడికి పోయి, అక్కడి నుంచి అనింది. “చూడయ్యా. ఇంగ మీద ఏటికి ఒకటి రాయి. ఒకటి చాలు. చంద్ర మాదిరి మూడు వద్దు.”

“అట్లనే” అన్నాడు ప్రేమయ్య, “చూస్తా” అన్నాడు, “చిన్నది ఏదన్నా” అన్నాడు. ఆమె పొయ్యి వెలిగించింది.